కరిగే కరెంటు, పనిచేసే కరెంటు: జింక్–గాలి బ్యాటరీ కార్బైడ్ ఎలక్ట్రోడ్ల ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం

ప్లాటినం అవసరం లేని గాలి ఎలక్ట్రోడ్‌ను జింక్–గాలి బ్యాటరీకి తయారు చేయడం ఈ ప్రాజెక్టు లక్ష్యం. బ్యాటరీ డిశ్చార్జి అవుతున్నప్పుడు ఈ ఎలక్ట్రోడ్ గాలిలోని ఆక్సిజన్‌ను హైడ్రాక్సైడ్ అయాన్లుగా మార్చాలి. ఛార్జింగ్ పెట్టినప్పుడు ఆ హైడ్రాక్సైడ్ నుంచే ఆక్సిజన్‌ను తిరిగి వదలాలి. లెక్క ప్రకారం ఈ సెల్ వోల్టేజి 1.66 వోల్టులు కాగా, ఆచరణలో డిశ్చార్జిలో 1.2 వోల్టుల దగ్గర, ఛార్జింగ్‌లో 2 వోల్టుల దగ్గర నడుస్తుంది. మధ్యలో వృథా అయ్యే 0.8 వోల్టులలో సింహభాగం గాలి ఎలక్ట్రోడ్ దగ్గరే పోతుంది కాబట్టి, మంచి ఉత్ప్రేరకం కోసం వెతుకులాట అంతా అక్కడే సాగుతోంది.

లోహ కార్బైడ్లను, అంటే లోహమూ కార్బనూ కలిసిన పదార్థాలను, ఎంచుకోవడానికి కారణం పాతదే. 1973లో లెవీ, బూడార్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, టంగ్‌స్టన్ కార్బైడ్ ఉపరితలం కొన్ని రసాయన చర్యల్లో ప్లాటినంలా ప్రవర్తిస్తుందని సైన్స్ పత్రికలో చూపించారు. టంగ్‌స్టన్‌లోకి కార్బన్ చేరగానే దాని ఎలక్ట్రాన్ల అమరిక మారి, ఆ లోహానికి లేని గుణాలు వస్తాయి. అప్పటి నుంచి చవకైన ప్లాటినం అనే ఆశ కార్బైడ్లను వదలలేదు. వీటికి విద్యుద్వాహకత బాగానే ఉంటుంది, గట్టిదనం చెప్పనక్కర్లేదు. ఇక తేల్చవలసింది బలమైన క్షారంలో (ఈ బ్యాటరీలో ఉండే పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో), ఆక్సిజన్ సమక్షంలో, ఛార్జింగ్ వోల్టేజి కింద ఇవి ఎంతకాలం కార్బైడ్లుగా మిగులుతాయన్నదే.

టంగ్‌స్టన్ కార్బైడ్, ఐరన్ కార్బైడ్ రెండింటినీ పరీక్షించాలని నిర్ణయించాము. మాలిబ్డినం కార్బైడ్‌ను పక్కన పెట్టాము. హైడ్రోజన్ విడుదలకు అది మంచి ఉత్ప్రేరకమే గానీ, దాని ఆక్సైడ్ క్షారంలో సులువుగా కరిగి మాలిబ్డేట్‌గా వెళ్లిపోతుంది. గాలి ఎలక్ట్రోడ్‌కు అది సరిపడదని కాగితం మీదే తేలిపోయింది.

జూన్ చివర: ఫర్నేసు పని

టంగ్‌స్టన్ కార్బైడ్ పొడి కోసం అమ్మోనియం మెటాటంగ్‌స్టేట్, గ్లూకోజ్ కలిపిన ద్రావణాన్ని ఆవిరి చేసి, మిగిలిన ముద్దను ట్యూబ్ ఫర్నేసులో ఆర్గాన్‌లో 5 శాతం హైడ్రోజన్ కలిపిన వాయువు కింద 900 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేశాము. స్వచ్ఛమైన హైడ్రోజన్ సిలిండరును వాడకపోవడానికి భద్రతే కారణం. ఈ మిశ్రమంతో పని కొంత నెమ్మదిస్తుంది తప్ప ఆగదు.

కార్బైడ్ పొడి చల్లారిన వెంటనే ట్యూబును తెరవకూడదు. కొత్తగా ఏర్పడిన సన్నని కణాల ఉపరితలం ఆక్సిజన్ కోసం ఎంత ఆబగా ఉంటుందంటే, గాలి ఒక్కసారిగా తగిలితే అవి నిప్పుకణికల్లా రాజుకుంటాయి. అందుకే గది ఉష్ణోగ్రతకు వచ్చిన తరువాత 1 శాతం ఆక్సిజన్ ఉన్న వాయువును కొన్ని గంటలపాటు సన్నగా పంపి, కణాల మీద పలుచని ఆక్సైడ్ పొరను కట్టనివ్వాలి. దీనిని బట్టి ఒక విషయం గుర్తుంచుకోవాలి: మనం సీసాలో దాచుకునే ‘కార్బైడ్ పొడి’ పైపొర అప్పటికే ఆక్సైడ్. క్షారంలో వేయగానే మొదట కరిగేది ఆ పొరే.

పదార్థంలోని స్ఫటికాలను ఎక్స్-కిరణాలతో గుర్తించే ఎక్స్‌ఆర్‌డీ చిత్రంలో 31.5, 35.6, 48.3 డిగ్రీల దగ్గర టంగ్‌స్టన్ కార్బైడ్ గీతలు స్పష్టంగా వచ్చాయి. 39.6 డిగ్రీల దగ్గర చిన్న మిట్ట కూడా కనిపించింది. అది ఒక కార్బన్‌కు రెండు టంగ్‌స్టన్ పరమాణువులుండే డైటంగ్‌స్టన్ కార్బైడ్ గుర్తు. దానికి ఆక్సీకరణను తట్టుకునే శక్తి తక్కువ కాబట్టి, ఆ మిట్ట పోయేదాకా వేడి చేసే సమయాన్ని పెంచాము. అయితే సమయం పెంచిన కొద్దీ కణాలు పెద్దవై ఉపరితల వైశాల్యం తగ్గుతుంది. గ్లూకోజ్ ఎక్కువైతే కార్బన్ మసి కణాలను కప్పేస్తుంది. ఈ రెంటి మధ్య సరైన పాళ్లు పట్టుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

జూలై మొదట్లో: కొలత ఏర్పాట్లు

ఈ డైరీలో పొటెన్షియల్ విలువలన్నీ రివర్సిబుల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌ను సున్నాగా తీసుకుని రాసినవి. ఆ ద్రావణంలో హైడ్రోజన్ సమతౌల్యంలో ఉండే పొటెన్షియలే ఆ సున్నా. కొలతలో పోల్చుకోవడానికి మేము వాడుతున్నది మెర్క్యురీ–మెర్క్యురిక్ ఆక్సైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్. దానిని హైడ్రోజన్‌తో నింపిన అదే ద్రావణంలో ప్లాటినం తీగతో సరిపోల్చి, తేడాను రాసి పెట్టుకున్నాము. కరెంటు వలయాన్ని పూర్తిచేసే కౌంటర్ ఎలక్ట్రోడ్‌గా మాత్రం ప్లాటినంను దూరంగా ఉంచి గ్రాఫైట్ కడ్డీ పెట్టాము. ప్లాటినం కౌంటరు కొద్దికొద్దిగా కరిగి పరీక్షిస్తున్న ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటుంది, దానితో కార్బైడ్ క్రియాశీలత రోజురోజుకూ పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. గాజు పాత్రకు బదులు పాలీప్రొపిలీన్ పాత్ర తీసుకున్నాము, ఎందుకంటే గాఢమైన పొటాషియం హైడ్రాక్సైడ్ గాజును కూడా తినేస్తుంది.

డిశ్చార్జిలో గాలి ఎలక్ట్రోడ్ సుమారు 0.8 వోల్టుల దగ్గర, ఛార్జింగ్‌లో సుమారు 1.6 వోల్టుల దగ్గర ఉంటుంది. టంగ్‌స్టన్ కార్బైడ్‌కు ఉష్ణగతిక శాస్త్రం ఇచ్చే హద్దు సున్నాకు అతి సమీపంలోనే ఉంది. దానికి పైన అది ఆక్సైడ్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారడానికే మొగ్గు చూపుతుంది. ఆమ్లంలో ఆ ఆక్సైడ్ పొర కరగకుండా నిలబడి కొంత అడ్డుపడుతుంది కాబట్టి 0.6 వోల్టులు, ఆ పైన కొంతవరకు నెట్టుకురావచ్చు. క్షారంలో ఆ అడ్డు కూడా ఉండదు. టంగ్‌స్టన్ ఆక్సైడ్ ఏర్పడగానే టంగ్‌స్టేట్ అయానుగా కరిగిపోయి కింది పొరను బయటపెడుతుంది. అంటే ఈ బ్యాటరీలో డిశ్చార్జి స్థితి కూడా ఈ కార్బైడ్‌కు క్షేమకరం కాదు, ఛార్జింగ్ సంగతి సరేసరి.

జూలై రెండో సగం: పది ఎలక్ట్రాన్ల లెక్క

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన లెక్క ఇది. క్షారంలో ఒక టంగ్‌స్టన్ కార్బైడ్ యూనిట్ పద్నాలుగు హైడ్రాక్సైడ్ అయాన్లతో చర్య జరిపి ఒక టంగ్‌స్టేట్, ఒక కార్బొనేట్, ఏడు నీటి అణువులను ఇస్తూ పది ఎలక్ట్రాన్లను విడుదల చేస్తుంది. ఫారడే నియమం ప్రకారం ఒక మిల్లీగ్రాము కార్బైడ్ పూర్తిగా కరిగిపోతే 4.9 కూలుంబుల విద్యుదావేశం వస్తుంది. ఎలక్ట్రోడ్ మీద చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము పొడి పూసి, సాధారణంగా అందరూ చూసే 10 మిల్లీఆంపియర్ల వద్ద నడిపితే, ఒక్క ఆక్సిజన్ బుడగ కూడా రాకుండానే ఎనిమిది నిమిషాలకు పైగా ఆ కరెంటును కార్బైడ్ కరగడమే సరఫరా చేయగలదు.

వోల్టేజిని సున్నా దగ్గర నుంచి పైకి తీసుకెళ్లి గ్రాఫు గీయడానికి పట్టే సమయం ఎనిమిది నిమిషాల కంటే తక్కువే. అందుచేత ఆ గ్రాఫులో 10 మిల్లీఆంపియర్లు కనిపించినంత మాత్రాన అది ఆక్సిజన్ విడుదలకు సాక్ష్యం కాదు. ఇంటి కరెంటు మీటరు యూనిట్లను లెక్కపెడుతుంది తప్ప, ఆ కరెంటు ఫ్యానుకు పోయిందో, తడిగోడలోకి కారిపోయిందో చెప్పదు. వోల్టేజిని అదుపు చేస్తూ కరెంటును కొలిచే పొటెన్షియోస్టాట్ పరిస్థితి కూడా అంతే.

మా పొడితో పూసిన ఎలక్ట్రోడ్ గ్రాఫులోనే దీనికి తిరుగులేని రుజువు ఉంది. నీటి నుంచి ఆక్సిజన్ రావాలంటే కనీసం 1.23 వోల్టులు దాటాలి, ఏ ఉత్ప్రేరకమూ ఆ హద్దును కిందికి దించలేదు. మా గ్రాఫులో కరెంటు దానికి ఎంతో ముందే, 1 వోల్టు కూడా దాటకుండానే పైకి లేచింది. ఆ కరెంటు ఆక్సిజన్ నుంచి వచ్చింది కాదని చెప్పడానికి వేరే పరికరం అక్కర్లేదు. రెండోసారి వోల్టేజిని తిప్పినప్పుడు గీత కుంచించుకుపోయింది, ఆ తరువాత మరింత తగ్గింది. క్రియాశీలత తగ్గిందని అనడం కంటే సరుకు అయిపోయిందని అనడం సబబు.

ఆగస్టు: బోరు బండి బటన్

పొడితో ఒక చిక్కు ఉంది. దానిని పూసే కార్బన్ పేపరు కూడా ఛార్జింగ్ వోల్టేజి వద్ద ఆక్సీకరణ చెంది కార్బొనేట్‌గా మారుతుంది. కరిగింది కార్బైడా, పేపరా అని విడదీయడం కష్టం. కార్బన్ పేపరు లేని గట్టి ముక్క దొరికితే లెక్క తేలికవుతుందని అనిపించి బాలానగర్‌లోని ఒక మెషీన్ షాపుకు వెళ్లాను. బోర్లు వేసే బండ్ల బిట్లకు గుండ్రటి తలతో అమర్చే బటన్లు టంగ్‌స్టన్ కార్బైడ్‌వే. కణాలను పట్టి ఉంచడానికి వాటిలో కొద్ది శాతం కోబాల్టు కలుపుతారు. అరిగిపోయిన బిట్ల నుంచి తీసిన బటన్లు అక్కడ ఒక డబ్బా నిండా ఉన్నాయి. ఎందుకని అడిగిన మెకానిక్కుకు విషయం చెప్పగానే ఆయన నవ్వి, “గ్రానైటునే పిండి చేస్తది తమ్మీ, మీ నీళ్లు దీన్నేం జేస్తయి?” అన్నాడు.

బటన్‌ను ఆల్కహాలుతో శుభ్రం చేసి, తూచి, నికెల్ తీగతో పైభాగాన చుట్టి, గుండ్రటి తల మాత్రమే 1 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మునిగేలా వేలాడదీశాము. నికెల్ తీగ ద్రావణాన్ని తాకకుండా చూసుకోవాలి, తాకితే ఆక్సిజన్ అక్కడి నుంచే వస్తుంది. దాని పైన నీటితో నింపిన కొలగొట్టాన్ని తలకిందులుగా బోర్లించాము. 40 మిల్లీఆంపియర్ల కరెంటు గంటసేపు నడిస్తే, అంతా ఆక్సిజన్‌గా మారిన పక్షంలో 25 డిగ్రీల వద్ద 9.1 మిల్లీలీటర్ల వాయువు రావాలి. అంతా కార్బైడ్‌ను కరిగించడానికే పోతే బటన్ బరువు సుమారు 29 మిల్లీగ్రాములు తగ్గాలి. ఒకే కరెంటుకు రెండు వేర్వేరు లెక్కలు ఉండడమే ఈ ప్రయోగంలోని సుగుణం. ఒకదానిలో తగ్గింది రెండోదానిలో కనిపించాలి.

ఏర్పాటులో ఎక్కడా వాయువు కారిపోవడం లేదని తేల్చుకోవడానికి ముందుగా బటన్ స్థానంలో నికెల్ జాలీని పెట్టి చూశాము. కొలగొట్టంలో చేరిన వాయువు లెక్కకు దాదాపు సరిపోయింది. తరువాత బటన్‌ను పెట్టాము. మొదట్లో కరెంటు నిండుగా నడుస్తున్నా కొలగొట్టంలో బుడగల జాడ లేదు. నల్లని మెరుపుతో ఉన్న తల నెమ్మదిగా మాసిపోయి, గోధుమ నలుపు రంగు పొర కట్టింది. గంట ముగిసేసరికి చేరిన వాయువు రావలసిన దానిలో సగానికి బాగా తక్కువగా ఉంది, బరువు తగ్గుదల ఆ లోటుకు పొంతన కుదిరేలా ఉంది. బటన్‌ను కడిగి భూతద్దం కింద చూస్తే, ద్రావణం మట్టం వరకు ఒక సన్నని గాడి పడి, దాని కింద తల గరుకుగా తేలింది. గ్రానైటును నమిలిన సరుకు ఇది.

ద్రావణంలోకి టంగ్‌స్టన్ వెళ్లిందని నిర్ధారించుకోవడానికి పాత పద్ధతి ఒకటి చాలు. ద్రావణంలో కొంత భాగాన్ని మంచు నీటిలో ఉంచి, హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా కలిపాము. మొదట కార్బొనేట్ వల్ల బుసబుసమని నురగ వస్తుంది. గాలి నుంచి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్ కూడా ఇలాగే నురగనిస్తుంది కాబట్టి, దీనిని సాక్ష్యంగా తీసుకోకూడదు. ఆమ్లం ఎక్కువైన తరువాత తెల్లని అవక్షేపం దిగింది, మరిగిస్తే పసుపుపచ్చగా మారింది. అది టంగ్‌స్టిక్ ఆమ్లం. దానిలో స్టానస్ క్లోరైడ్ వేసి వేడి చేయగానే ముదురు నీలం వచ్చింది. వాడని ద్రావణంతో ఇదే పరీక్ష చేస్తే నీలం రాలేదు.

ఇంకొక సంగతి ఈ ప్రయోగం నుంచే బయటపడింది. గంట చివరికి వచ్చేకొద్దీ బుడగలు ఎక్కువయ్యాయి. దానికి కారణం కార్బైడ్ కాదని నా అభిప్రాయం. క్షారంలో టంగ్‌స్టన్ కార్బైడ్ కరిగిపోతుంది, కోబాల్టు మాత్రం ఆక్సీహైడ్రాక్సైడ్ పొరగా మిగిలిపోతుంది. అది తనంతట తానే ఆక్సిజన్ విడుదలకు మంచి ఉత్ప్రేరకం. ఆమ్లంలో దీనికి సరిగ్గా తలకిందులు: కోబాల్టు కరిగి కార్బైడ్ మిగులుతుంది. అరిగిన కార్బైడ్ పనిముట్ల నుంచి టంగ్‌స్టన్‌ను తిరిగి రాబట్టే విద్యుద్రసాయన పద్ధతులు ఈ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి. పొడిని నూరే మిల్లింగ్ పాత్రల నుంచి కార్బైడ్ పొడిలోకి చేరే కోబాల్టు కూడా ఇలాగే కార్బైడ్‌కు లేని కీర్తిని తెచ్చిపెట్టగలదు. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో అతి స్వల్పంగా ఉండే ఇనుము నికెల్ ఎలక్ట్రోడ్ల ఆక్సిజన్ విడుదలను ఎంతగా పెంచుతుందో 1987లోనే కోరిగన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. నికెల్ జాలీ అంకెలను చూసేటప్పుడు దీనిని మనసులో పెట్టుకోవాలి.

ఆగస్టు చివర: టైటానియం గురించి ఒక మాట

మరి కార్బైడ్లన్నీ ఇలాగే కరుగుతాయా అని మా ఆచార్యులు అడిగారు. కరగవు. 2013లో పీటర్ బ్రూస్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం నేచర్ మెటీరియల్స్ పత్రికలో, నీరులేని లిథియం–ఆక్సిజన్ బ్యాటరీకి టైటానియం కార్బైడ్ కాథోడ్‌ను వాడి, 100 ఛార్జి–డిశ్చార్జి చక్రాల తరువాత కూడా 98 శాతానికి పైగా సామర్థ్యం నిలిచిందని చూపించింది. అక్కడ కార్బైడ్‌ను కాపాడినది దాని పైన ఏర్పడిన పలుచని టైటానియం ఆక్సైడ్ పొర. అది కరగదు, మందంగా పెరగనంత వరకు కరెంటుకు పెద్దగా అడ్డుపడదు. టంగ్‌స్టన్‌కూ టైటానియంకూ మధ్య ఉన్న తేడా కార్బైడ్‌లో కంటే దాని ఆక్సైడ్ స్వభావంలోనే ఎక్కువగా ఉంది. కార్బైడ్‌ను ఎంచుకునే ముందు, ఆ ద్రావణంలో దాని ఆక్సైడ్ గతి ఏమిటో చూడాలని ఇప్పుడు నోటుపుస్తకంలో మొదటి పేజీలోనే రాసి పెట్టాను. నీటి క్షారంలో 1.6 వోల్టుల వద్ద టైటానియం కార్బైడ్ పొర మందమెక్కి విద్యుద్బంధకంగా మారే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోలేము.

సెప్టెంబరు: ఐరన్ కార్బైడ్

డిశ్చార్జి పనికి ఐరన్ కార్బైడ్ వైపు మళ్లాము. ఫెర్రిక్ క్లోరైడ్‌నూ మెలమైన్‌నూ నూరి, ఆర్గాన్‌లో 800 డిగ్రీల వద్ద వేడి చేస్తే, వెదురు కణుపుల్లాంటి కార్బన్ నాళాల లోపల ఇనుము, ఐరన్ కార్బైడ్ కణాలు చిక్కుకుని ఏర్పడతాయి. మెలమైన్ కొంత ఆవిరై ట్యూబు చల్లని చివరలో తెల్లని పొడిగా పేరుకుని దారి మూసేస్తుంది కాబట్టి బయటికి పోయే గొట్టాన్ని వెడల్పుగా తీసుకోవాలి. వెలువడే వాయువుల్లో అమ్మోనియా, హైడ్రోజన్ సయనైడ్ ఉండవచ్చు కనుక వాటిని క్షార ద్రావణం గుండా పంపి, ఫ్యూమ్ హుడ్‌లోకి వదలాలి. ఈ జాగ్రత్తలో రాజీ లేదు.

ఆ పొడిని అర మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 80 డిగ్రీల వద్ద గంటల తరబడి కలియబెట్టాము. కార్బన్ పొర లేని కణాలన్నీ ఇక్కడే కరిగిపోవాలి. పోత ఇనుము ఆమ్లంలో కరిగేటప్పుడు వచ్చే కిరసనాయిల్ వంటి వాసనే ఇక్కడా వచ్చింది. కార్బైడ్‌లోని కార్బన్ హైడ్రోకార్బన్లుగా పోవడమే దానికి కారణం. కడిగిన నీటిలో పొటాషియం ఫెర్రిసయనైడ్ వేస్తే నీలం రావడం ఆగేవరకు కడిగి ఆరబెట్టాము. అప్పటికీ పొడి అయస్కాంతానికి మూకుమ్మడిగా అంటుకుంటోంది. ఆమ్లం చేరలేని చోట, కార్బన్ పొరల వెనుక ఇనుప కణాలు ఇంకా ఉన్నాయని అది చెబుతోంది. వాటిలో ఎంత శుద్ధ ఇనుమో, ఎంత కార్బైడో ఎక్స్‌ఆర్‌డీ ఒక్కటే తేల్చలేదు, ఎందుకంటే 45 డిగ్రీల దగ్గర రెంటి గీతలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇనుము ఏ రూపంలో ఉందో గామా కిరణాలతో తేల్చే మోస్‌బావర్ పరీక్షకు నమూనా పంపవలసి ఉంది.

దీని డిశ్చార్జి ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. టంగ్‌స్టన్ కార్బైడ్ ఒంటరిగా ఆక్సిజన్ క్షయకరణాన్ని, అంటే ఆక్సిజన్‌ను హైడ్రాక్సైడ్‌గా మార్చే పనిని, బద్ధకంగా చేస్తే, ఈ పొడి ప్లాటినం–కార్బన్‌కు చేరువగా చేసింది. అయితే ఆ పని చేస్తున్నది లోపలి ఐరన్ కార్బైడా, బయటి కార్బన్ పొరలో నైట్రోజన్‌తో కట్టుబడిన ఒంటరి ఇనుప పరమాణువులా అన్నది ఈ రంగంలో ఇంకా వాదంలో ఉన్న విషయమే. సయనైడ్‌తో విషపూరితం చేసి చూసే పరీక్ష ఉంది గానీ, మా ప్రయోగశాలలో దానికి అనుమతి లేదు, ఉండకపోవడమే మంచిది. కవచం లేని కణాలను తీసేసిన తరువాత కూడా క్రియాశీలత తగ్గలేదు కాబట్టి, ఆ కవచమే ఇక్కడ కాపాడుకోవలసిన వస్తువు అని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఛార్జింగ్ వోల్టేజి వద్ద ఆ కవచమే ముందు పోతుంది. 1.6 వోల్టుల దగ్గర ఉంచిన ఎలక్ట్రోడ్‌ను తిరిగి డిశ్చార్జిలో పరీక్షిస్తే గ్రాఫు గీత వెనక్కి జరిగింది, అంటే పనితీరు తగ్గింది, ద్రావణంలో కార్బొనేట్ పెరిగింది. కార్బన్ పోయిన కొద్దీ లోపలి ఇనుము బయటపడుతుంది. ఆ ఇనుము కొంచెమైనా కరిగి జింక్ వైపు చేరితే మరొక ఇబ్బంది: జింక్ మీద ఇనుము పేరుకున్న చోట హైడ్రోజన్ విడుదల సులువై, బ్యాటరీ వాడకుండానే జింక్ తరిగిపోతుంది. ఒక ఎలక్ట్రోడ్ తుప్పు రెండో ఎలక్ట్రోడ్‌కు రోగంగా పరిణమిస్తుంది.

ప్రస్తుత స్థితి

ఒకే గాలి ఎలక్ట్రోడ్‌తో రెండు పనులూ చేయించాలనే మొదటి ప్రణాళికను మార్చాము. డిశ్చార్జికి కవచం ఉన్న ఐరన్ కార్బైడ్ ఎలక్ట్రోడ్, ఛార్జింగ్‌కు విడిగా నికెల్ జాలీ, మధ్యలో జింక్ ఉండేలా మూడు ఎలక్ట్రోడ్ల సెల్‌ను 6 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కడుతున్నాము. ఛార్జింగ్ సమయంలో కార్బైడ్ ఎలక్ట్రోడ్ వైరును రిలే విడదీస్తుంది కాబట్టి దానికి 1.6 వోల్టుల ముఖం చూడాల్సిన పని ఉండదు. సెల్ బరువు, ఖర్చు కొంత పెరుగుతాయి, వైరింగు చిక్కవుతుంది. ఉత్ప్రేరకం కరిగిపోయే సెల్ కంటే అది నాకు ఒప్పుదలే.

ద్రావణం నమూనాలను డిశ్చార్జి చక్రాల మధ్యలో తీసి, ప్లాస్టిక్ సీసాల్లో ఆమ్లీకరించి, ద్రావణంలోని లోహాలను అతి స్వల్ప మోతాదులో కూడా కొలిచే ఐసీపీ పరీక్షకు వేరు చేసి ఉంచుతున్నాము. ఇనుము ఖాళీ ద్రావణం స్థాయిలోనే ఉంటే సెల్‌ను ఎక్కువ చక్రాలకు నడుపుతాము. చక్రాలతో పాటు పెరుగుతూ పోతే, 0.8 వోల్టుల వద్దే కార్బన్ కవచం పలుచబడుతోందని అర్థం కాబట్టి ఫర్నేసు ఉష్ణోగ్రతను పెంచి మరింత గ్రాఫైటు గుణం ఉన్న పొర కోసం మళ్లీ ప్రయత్నించాలి. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిలో మిగిలింది హైడ్రోజన్ విడుదల మీద పనిచేస్తున్న పక్క బెంచీ వారికి ఇచ్చేశాము. సున్నాకు కిందనున్న పొటెన్షియల్ వద్ద దానికి తగిన పని అక్కడ ఉంది.